ఓఈఈ: మెషిన్ దగ్గర నిలబడి చేయాల్సిన లెక్క

మొన్న జీడిమెట్లలో ఒక చిన్న మెషిన్ షాపుకి వెళ్లాను. లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద పెద్ద టీవీ తెర కనబడింది. పన్నెండు మెషిన్లు, పన్నెండు శాతాలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. అన్నిటికంటే కింద "ప్లాంట్ ఓఈఈ 71.4" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఓఈఈ అంటే మెషిన్ తన సమయాన్ని ఎంత బాగా వాడుకుందో ఒక్క శాతంలో చెప్పే లెక్క. ఓనర్ గారిని అడిగాను: "ఈ అంకె చూసి పోయిన వారం ఏ పని మార్చారండీ?" ఆయన కాసేపు ఆలోచించి, దాచుకోకుండా చెప్పారు: "ఏమీ మార్చలేదండీ. రోజూ చూస్తాం, అంతే."

ఆ జవాబు విన్నాకే ఇది రాయాలనిపించింది. నేను మెకానికల్ డిప్లొమా అయ్యాక 1998లో బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ట్రైనీగా చేరాను. అక్కడి సీఐటీడీలో (టూల్ డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్ల మీద షార్ట్‌టర్మ్ కోర్సు చేశాను. ఆపరేటర్‌గా, సెట్టర్‌గా, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా, ఆఖర్న ప్రొడక్షన్ మేనేజర్‌గా పాతికేళ్లు షాప్ ఫ్లోర్ మీదే గడిచాయి. ఓఈఈ వల్ల బాగుపడిన లైన్లు చూశాను. అదే ఓఈఈ వల్ల ఆపరేటర్లకీ ఆఫీసుకీ మాటలు తెగిపోయిన చోట్లూ చూశాను. రెండు చోట్లా సూత్రం ఒకటే. ఆ అంకె పట్టుకుని ఎవరిని ఏం అడిగారు అన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

ముందు లెక్క

ఓఈఈ అంటే ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్. జపాన్‌లో టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) పద్ధతికి రూపం ఇచ్చిన సెయిచి నకజిమా ద్వారా ఇది ప్రపంచానికి తెలిసింది. ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. నడవాల్సిన సమయంలో మెషిన్ ఎంతసేపు నడిచింది? అది అవైలబిలిటీ. నడిచినంతసేపు ఉండాల్సిన వేగంతోనే నడిచిందా? అది పెర్ఫార్మెన్స్. తీసిన పీసుల్లో మొదటిసారే బాగా వచ్చినవి ఎన్ని? అది క్వాలిటీ. మూడిటినీ గుణిస్తే ఓఈఈ.

నా పాత నోటుబుక్కులో ఉన్న ఒక షిఫ్టు లెక్క చెబుతాను. ట్రాక్టర్‌కి వెళ్లే ఒక హబ్, ఫోర్జింగ్ (వేడి లోహాన్ని కొట్టి రూపం ఇచ్చిన) జాబ్, అంటే మెషిన్ మీద తయారయ్యే పీసు. దాన్ని సీఎన్‌సీ లేత్ మీద తిప్పుతాం. షిఫ్టు పొద్దున 8 నుంచి సాయంత్రం 4:30 దాకా, మొత్తం 510 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకి 20 తీసేస్తే 460 మిగిలాయి. ఆ రోజు మెషిన్ 92 నిమిషాలు ఆగింది. జాబ్ మార్చి సెట్టింగ్ చేయడానికి 48, ఫస్ట్ పీస్ అప్రూవల్ (మొదటి పీసు సరిగ్గా ఉందని క్వాలిటీ వాళ్ల ఓకే) కోసం ఎదురుచూస్తూ 24, ఇన్సర్టులు (మెటల్ కోసే చిన్న పళ్లు) మార్చడానికి 12, చక్ (పీసుని పట్టుకునే భాగం) ప్రెషర్ పడిపోయి 8. అంటే నడిచింది 368 నిమిషాలు, అవైలబిలిటీ 80 శాతం.

లోడింగ్, అన్‌లోడింగ్‌తో కలిపి ఒక పీసుకి 80 సెకన్లు పట్టాలి. ఆ లెక్కన 368 నిమిషాల్లో 276 పీసులు రావాలి, వచ్చినవి 230. పెర్ఫార్మెన్స్ 83.3 శాతం. ఆ 230లో నాలుగు రిజెక్ట్, మూడు రీవర్క్. మంచివి 223, అంటే దాదాపు 97 శాతం. మూడూ గుణిస్తే 64.6.

నిజానికి ఈ గుణకారం అంతా అవసరం లేదు. మంచి పీసులు 223ని 80 సెకన్లతో గుణిస్తే 297 నిమిషాలు వస్తాయి. 460 నిమిషాలు చేతిలో ఉంటే 297 నిమిషాలకి సరిపడా సరుకు బయటికొచ్చింది. దీన్ని 460తో భాగించినా అదే 64.6 వస్తుంది. మూడు ముక్కలు గుణించి వచ్చిన జవాబు, ఈ అడ్డదారి జవాబు కలవకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు రాశారని అర్థం. నేను రోజూ రెండూ చేసి సరిచూసుకునేవాడిని.

ఇక్కడి నుంచి 64.6ని పక్కన పెట్టేయండి. మనం వెతకాల్సింది మిగతా 163 నిమిషాలని. ఆగిపోవడం వల్ల 92 పోయాయి. తగ్గిన 46 పీసులని 80 సెకన్లతో గుణిస్తే సుమారు 61 నిమిషాలు, అవి నెమ్మది వల్ల పోయాయి. పాడైన ఏడు పీసులకి సుమారు 9 పోయాయి. ఆపరేటర్ దగ్గరికి వెళ్లి "నీ ఓఈఈ 64.6" అంటే అతను చేయగలిగింది తల దించుకోవడమే. "తమ్ముడూ, మెషిన్ తిరుగుతూ ఉండగానే గంట పోయింది, ఎక్కడ పోయుంటుందంటావ్?" అని అడిగితే అతను ఆలోచించడం మొదలుపెడతాడు. ఆ మెషిన్ గురించి మీకంటే అతనికే ఎక్కువ తెలుసు.

ఎక్కడెక్కడ మనల్ని మనం మోసం చేసుకుంటాం

అన్నిటికంటే ముందు సైకిల్ టైమ్, అంటే ఒక పీసుకి పట్టాల్సిన సమయం. చాలా చోట్ల ఎప్పుడో కొటేషన్ ఇచ్చేటప్పుడు వేసిన టైమునో, పోయిన నెల సగటునో పెట్టుకుంటారు. సగటు పెడితే రోజూ జరిగే నష్టమంతా సైకిల్ టైములోనే కలిసిపోతుంది, పెర్ఫార్మెన్స్ ఎప్పుడూ 95కి పైనే కనబడుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని మెషిన్ పక్కన నిలబడండి. కొత్త ఇన్సర్ట్, ఫీడ్ ఓవర్‌రైడ్ (టూల్ ముందుకు కదిలే వేగాన్ని పెంచే, తగ్గించే నాబ్) 100 శాతం, అనుభవం ఉన్న ఆపరేటర్, వరుసగా ఇరవై పీసులు. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చిన మంచి టైముని తీసుకోండి. ఒక్కసారి ఎగిరొచ్చిన టైము వద్దు, అది ఎవరూ నిలబెట్టుకోలేరు. ఎప్పుడైనా పెర్ఫార్మెన్స్ 100 దాటిందంటే మెచ్చుకోవడానికి ముందు సైకిల్ టైమ్ మళ్లీ కొలవండి. 100 దాటడం అంటే మీ దగ్గరున్న టైము తప్పు.

రెండోది సెట్టింగ్. "సెట్టింగ్ అనేది ఎలాగూ ఉండేదే కదా, దాన్ని ప్లాన్డ్ స్టాపేజ్‌లో వేసేద్దాం" అనే మాట ప్రతి షాపులోనూ వినబడుతుంది. వేస్తే ఆ 48 నిమిషాలు లెక్కలోంచే మాయమైపోతాయి. కనబడని దాన్ని ఎవరూ తగ్గించరు. సాఫ్ట్ జాస్ (చక్‌లో పీసుని పట్టే మెత్తటి దవడలు) ముందే బోరు కొట్టి పక్కన పెట్టుకుంటే, తర్వాతి జాబ్ టూల్స్ ఒక ట్రాలీలో వరసగా సర్దుకుంటే, మెషిన్ నడుస్తుండగానే సగం సెట్టింగ్ పని అయిపోతుంది. షిగెయో షింగో చెప్పిన పద్ధతి అదే: మెషిన్ ఆపి మాత్రమే చేయగలిగినవి ఏవి, నడుస్తుండగా చేసుకోగలిగినవి ఏవి అని ముందు విడదీయడం. ఆ 48 నిమిషాలు రోజూ బోర్డు మీద కనబడితేనే ఎవరైనా ట్రాలీ అడుగుతారు.

మూడోది భోజనం. పైన నేనే 30 నిమిషాలు తీసేశాను. మామూలు మెషిన్‌కి అది సరే. కానీ లైను మొత్తాన్ని ఆపుతున్న మెషిన్ అదే అయితే, భోజనం వేళ అది ఖాళీగా ఉండటం 22 పీసుల నష్టం. లెక్కలోంచి తీసేశాం కాబట్టి అది మన కంటికి ఆనదు. మేము హెల్పర్‌కి ఆ ఒక్క జాబ్ నేర్పించి, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తినేలా ఏర్పాటు చేశాం. ఇద్దరికీ పూర్తిగా అరగంట దొరికింది. ఎవరి అన్నం వేళనీ కోసి పీసులు తీయకండి, అది ఏ లెక్కలోనూ న్యాయం కాదు. అప్పటి నుంచి ఆ మెషిన్‌కి 460 బదులు 490 నిమిషాలు పెట్టుకున్నాం. ఆ వారం ఓఈఈ కొంచెం తగ్గింది, డిస్పాచ్ పెరిగింది. రెంటిలో ఏది కావాలో మీరే చెప్పండి.

నాలుగోది కరెంటు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు పెట్టిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. కోత మన చేతిలో లేదు కాబట్టి ఆ సమయాన్ని మేము మొత్తంగా పక్కన పెట్టేసేవాళ్లం. చాలాకాలం తర్వాత ఒక రాత్రి షిఫ్టులో నిలబడి చూస్తే తెలిసింది. కరెంటు వచ్చిన క్షణానికీ మొదటి మంచి పీసు పడిన క్షణానికీ మధ్య ఇరవై నిమిషాలు గడుస్తున్నాయి. సగం కోసిన జాబ్ తీసి పడేయాలి, యాక్సిస్ హోమింగ్ (మెషిన్‌ని మొదటి స్థానానికి తేవడం) చేయాలి, విరిగిన ఇన్సర్ట్ మార్చాలి, స్పిండిల్ (పీసుని తిప్పే ఇరుసు) వేడెక్కేదాకా సైజు జరుగుతూ ఉంటుంది. కోత మనది కాదు గానీ ఆ ఇరవై నిమిషాలు మనవే. కరెంటు వచ్చాక చేయాల్సిన పనులు ఒక కార్డు మీద వరసగా రాసి మెషిన్ డోర్‌కి అంటిస్తే అది సగానికి తగ్గింది. ఏ కారణాన్నయినా "మన చేతిలో లేదు" అని పక్కన పెట్టే ముందు దాని తోక పట్టుకుని చూడండి, అందులో మనది కొంత ఉంటుంది.

రీవర్క్ పీసుని మంచి పీసుగా రాయకండి. అది మళ్లీ మెషిన్ మీదికి వచ్చి ఇంకో పీసు సమయం తినేస్తుంది. ఆర్డర్ లేక మెషిన్ ఆపితే మాత్రం ఆ సమయాన్ని నష్టంగా రాయొద్దు, అసలు షిఫ్టు సమయంలోంచే తీసేయండి. లేకపోతే అంకె కోసం అక్కర్లేని సరుకు తీసి ర్యాకులు నింపాలనిపిస్తుంది.

కాగితం, పెన్సిల్, రెండు వారాలు

సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఒకే ఒక్క మెషిన్ తీసుకుని రెండు వారాలు కాగితం మీద రాయండి. సెన్సర్ పెట్టి మెషిన్ ఎప్పుడు ఆగిందో సెకన్లతో సహా తెలుసుకోవచ్చు, ఇప్పుడు అలాంటి పెట్టెలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. ఎందుకు ఆగిందో మాత్రం అది చెప్పదు. ఆ ఎందుకు అన్నది చెప్పాల్సింది మనిషే. మనిషి చెప్పడం అలవాటు కాకముందే తెర పెడితే అంకెలు మాత్రమే మిగులుతాయి.

మేము ఏ-3 సైజు షీటు ఒకటి క్లిప్‌బోర్డుకి పెట్టి మెషిన్‌కి వేలాడదీశాం. గంటకో గడి. ఆ గంటలో రావాల్సిన పీసులు, వచ్చినవి, తక్కువైతే కారణం. కారణాలు మొదట ఇరవై రెండు పెట్టాను, అది నా తప్పు. ఎవరూ చదవలేదు, అందరూ "ఇతర" అనే గడిలో గీతలు గీసేశారు. తర్వాత ఏడుకి కుదించాను: సెట్టింగ్, అప్రూవల్ కోసం ఆగడం, టూల్, బ్రేక్‌డౌన్, మెటీరియల్ లేదు, తర్వాతి మెషిన్ దగ్గర చోటు లేదు, ఇతర. రాత్రి షిఫ్టులో ఒడిశా, బీహార్ కుర్రాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల కోసం ప్రతి కారణం పక్కన చిన్న బొమ్మ గీసి, హిందీలోనూ రాశాం. "ఇతర" గడి నిండిపోతోందంటే మీ జాబితాలో ఒక కారణం తక్కువైందని అర్థం. ఆపరేటర్ని అడిగి ఆ కారణం చేర్చండి.

ఐదు నిమిషాలకి తక్కువ ఆగినవన్నీ రాయమనకండి. పని ఆపి రాసుకోవడమే ఒక నష్టం అవుతుంది. వాటికి ఒక్క గీత చాలు. రోజంతా ఎన్ని గీతలు పడ్డాయో చూస్తే, వారానికి ఒకరోజు గంటసేపు అక్కడ నిలబడాలో లేదో తెలిసిపోతుంది.

గంట ఎక్కడ పోయింది

పైన చెప్పిన 61 నిమిషాల కథ ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే నేను ఓఈఈ గురించి నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

షీట్లు చూస్తే బ్రేక్‌డౌన్లు పెద్దగా లేవు. అయినా గంటకి రావాల్సిన 45 పీసుల బదులు 37, 38 పడుతున్నాయి. కారణం గడి ఖాళీ. ఆఫీసులో అందరూ ఒకటే మాట: "లోడింగ్ స్లోగా చేస్తున్నాడు." నేనూ మొదట అదే అనుకున్నాను, ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగానే ఉంటుంది. ఒకరోజు పక్కన నిలబడి స్టాప్‌వాచ్ పెట్టాను. లోడింగ్, అన్‌లోడింగ్ కలిపి 18 సెకన్లు, సరిగ్గా ఉండాల్సినంతే. సైకిల్ మాత్రం 80 బదులు 92, 93 చూపిస్తోంది. అప్పుడు ప్యానెల్ వైపు చూశాను. ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ 80 మీద ఉంది.

80 సెకన్లలో మెటల్ కోసే సమయం 50. ఫీడ్ 80 శాతానికి తగ్గిస్తే ఆ 50 కాస్తా 62.5 అవుతుంది. పీసుకి 12.5 సెకన్లు ఎక్కువ. ఆ వేగంతో 368 నిమిషాల్లో వచ్చేది 238 పీసులే. తగ్గిన 46లో 38 పీసులు ఆ నాబ్ దగ్గరే పోయాయి. మిగతా ఎనిమిది, చుట్టుకున్న చిప్స్ తీయడం, ఎయిర్ గన్‌తో చక్ తుడవడం లాంటి చిన్న ఆగుళ్లు.

ఎందుకు తగ్గించావని అడిగాను. గొంతు పెంచకుండానే అడిగాను, అయినా అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అన్నా, ఇన్సర్ట్ ఇరిగితే నన్ను అడుగుతరు. పీసులు తక్కువైతే మిషిన్‌ని అడుగుతరు."

నిజమే. నెలనెలా ఏ ఆపరేటర్ ఎన్ని ఇన్సర్టులు వాడాడో స్టోర్స్ నుంచి పేరుతో సహా లిస్టు వచ్చేది. ఎక్కువ వాడినవాళ్లకి చీవాట్లు. ఓఈఈ మాత్రం మెషిన్ పేరు మీద ఉండేది. అతని చోట ఎవరున్నా ఆ నాబ్ తిప్పేవాళ్లే. అతను తనని తాను కాపాడుకున్నాడు. మేము పెట్టిన ఒక కొలతే ఇంకో కొలతని తినేస్తుంటే, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు లోడింగ్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాం.

అసలు ఇన్సర్టులు ఎందుకు విరుగుతున్నాయని అప్పుడు వెతికాం. కూలెంట్ (కోసేచోటుని చల్లబరిచే ద్రవం) నాజిల్ పక్కకి తిరిగి ఉంది, ధార కోసే అంచు మీద పడటం లేదు. రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్ చిక్కదనం కొలిచే పరికరం) రీడింగుని డ్రమ్ము మీద రాసి ఉన్న ఫ్యాక్టర్‌తో గుణిస్తే కూలెంట్ 3 శాతమే ఉంది, డ్రమ్ము మీద 6 నుంచి 8 ఉండాలని రాసి ఉంది. రోజూ ఆవిరైన నీటికి బదులు ఉత్త నీళ్లే పోస్తూ వచ్చారు. నాజిల్ సరిచేశాం, కూలెంట్ కలిపే కొలత డబ్బా మీద గీత గీశాం, స్టోర్స్ లిస్టులోంచి పేర్లు తీసేయించాం. ఈ మూడో పని మొదటి రెండిటికంటే కష్టమైంది, ఆఫీసులో రెండు వారాలు పట్టింది. నాబ్ 100కి వెళ్లడానికి మాత్రం నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఇన్సర్టులు నిలబడుతున్నాయని చూశాక అతనే తిప్పాడు.

అప్రూవల్ కోసం పోయిన 24 నిమిషాలు దానికంటే తేలిక. ఆరు మెషిన్లకి ఒక్కరే ఇన్‌స్పెక్టర్, రూము షెడ్డుకి ఆ చివర. ముఖ్యమైన మూడు సైజులకి గేజులు మెషిన్ పక్కనే పెట్టి, ఆపరేటర్‌కి శిక్షణ ఇచ్చి, క్వాలిటీ వాళ్ల సంతకంతో అనుమతి ఇప్పించాం. 24 కాస్తా 6 అయింది. ఆ 18 నిమిషాలకి 13 పీసులు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ రోజు క్వాలిటీ వల్ల పోయింది 9 నిమిషాలే, ఓఈఈ దృష్టిలో అది చాలా చిన్నది. కానీ నాలుగు రిజెక్టులంటే నాలుగు ఫోర్జింగులు స్క్రాప్‌లోకి పోయాయి. ఆగిన నిమిషంలో పోయేది సమయం. పాడైన పీసులో సమయంతో పాటు మెటీరియల్, అంతకుముందు దాని మీద చేసిన పనంతా పోతాయి. ఓఈఈ ఈ రెండిటినీ ఒకే త్రాసులో తూస్తుంది. కాబట్టి ఏది ముందు సరిచేయాలో నిర్ణయించేటప్పుడు నిమిషాల పక్కన రూపాయలు కూడా రాసుకోండి.

ఏ మెషిన్ మీద పెట్టాలి

ఆ హబ్ మొదట లేత్ మీదికి, తర్వాత డ్రిల్లింగ్‌కి, ఆపైన బోర్ గ్రైండింగ్‌కి, చివరికి వాషింగ్‌కి వెళ్తుంది. అప్పట్లో మేము లేత్‌నే ఎంచుకోవడానికి కారణం, దాని ముందు ఫోర్జింగులు గుట్టగా పడి ఉండేవి, దాని తర్వాతి మెషిన్లు పీసుల కోసం ఎదురుచూసేవి. బాటిల్‌నెక్, అంటే లైను మొత్తాన్ని ఆపుతున్న మెషిన్‌ని, కనుక్కోవడానికి ఇంతకంటే పెద్ద లెక్క అక్కర్లేదు. లైను వెంట ఆ చివరి నుంచి ఈ చివరికి మూడు రోజులు, వేర్వేరు వేళల్లో నడవండి. ట్రేలు ఏ మెషిన్ ముందు పేరుకుంటున్నాయో, ఏ మెషిన్ తర్వాత మనుషులు ఖాళీగా ఉంటున్నారో చూడండి.

మిగతా మెషిన్లకి ఓఈఈ పెంచే పని పెట్టుకోకండి. డ్రిల్లింగ్ మెషిన్ ఓఈఈ 50 ఉన్నా లేత్‌తో సమానంగా పీసులు ఇస్తుంటే దాన్ని అలాగే వదిలేయండి. దాన్ని 80కి తీసుకెళ్లినా లేత్ ఇచ్చినన్ని పీసులే బయటికొస్తాయి. బాటిల్‌నెక్‌కి ముందున్న మెషిన్ అయితే జరిగేదల్లా బాటిల్‌నెక్ ముందు ట్రేలు పెరగడం. డబ్బు ట్రేలలో కూర్చుంటుంది, ఏదైనా సైజు తేడా వస్తే తెలిసేలోపు ఐదు వందల పీసులు తయారైపోయి ఉంటాయి. ఆ మెషిన్లలో చూసుకోవాల్సింది ఒక్కటే, బ్రేక్‌డౌన్ అయి బాటిల్‌నెక్‌ని ఆపేయకుండా ఉండటం.

ఇవి మాత్రం చేయకండి

నేను పనిచేసిన ఇంకో చోట ఓఈఈని బోనస్‌కి ముడిపెట్టారు. మూడు నెలల్లో అంకె అరవైల నుంచి ఎనభై ఎనిమిదికి వెళ్లింది. డిస్పాచ్‌లో మాత్రం ఒక్క లారీ పెరగలేదు. నెమ్మదిగా విషయం బయటపడింది. సెట్టింగులన్నీ ప్లాన్డ్ స్టాపేజ్‌లోకి వెళ్లిపోయాయి. సైకిల్ టైములు "రివైజ్" అయ్యాయి. సెట్టింగులు తగ్గించడానికి ఒకే జాబ్ నాలుగు రోజులు నడిపారు, కస్టమర్ అడిగిన రెండో జాబ్ వరసలో ఆగిపోయింది. రాసినవాళ్లని నేను తప్పుపట్టను. ఇంటి ఖర్చులు ఆ అంకె మీద ఆధారపడితే ఎవరైనా అంకెనే చూసుకుంటారు. కానీ ఆ మూడు నెలల తర్వాత ఆ షాపులో ఏ షీటునీ నమ్మే పరిస్థితి లేకుండా పోయింది. మళ్లీ నిజం రాసేలా చేయడానికి ఏడాది పట్టింది. జీతానికీ బోనస్‌కీ ఓఈఈకీ మధ్య ఎలాంటి ముడీ వేయకండి.

మెషిన్‌ని మెషిన్‌తో పోల్చకండి. రోజుకి మూడు జాబులు మారే మెషిన్‌కి 60 చాలా గొప్ప కావచ్చు, నెలంతా ఒకే జాబ్ నడిచేదానికి 80 తక్కువ కావచ్చు. ఏ మెషిన్‌నైనా దాని పోయిన నెలతోనే పోల్చాలి.

ప్లాంట్ మొత్తానికి ఒక సగటు తీయకండి. ఒక మెషిన్ 460 నిమిషాలకి 90 శాతం, ఇంకోటి 115 నిమిషాలు మాత్రమే నడవాల్సి ఉండి 40 శాతం అనుకోండి. శాతాలు కూడి రెండుతో భాగిస్తే 65. నిమిషాలు కూడితే 575కి 460, అంటే 80. ఒకే షాపుకి రెండు జవాబులు. నిమిషాలతో వేసిన 80 లెక్క ప్రకారం సరైనదే అయినా, రేపు పొద్దున ఏ పని చేయాలో అదీ చెప్పదు. కాలువ సగటు లోతు మోకాలి దాకానే అని లెక్కేసి పిల్లల్ని దాటించబోయిన కరణం గారి కథ మనందరం విన్నదే.

85 శాతం అనే అంకె గురించి కూడా చెప్పాలి. అవైలబిలిటీ 90, పెర్ఫార్మెన్స్ 95, క్వాలిటీ 99 గుణిస్తే దాదాపు 85 వస్తుంది. నకజిమా చెప్పిన ఈ అంకె, టీపీఎంలో ఏళ్ల తరబడి కష్టపడిన జపాన్ ఫ్యాక్టరీల అనుభవం. మన జాబ్ షాపులో గోడ మీద "లక్ష్యం 85" అని రాస్తే అది బెదిరింపులాగే ఉంటుంది. మూడూ 90 చొప్పున ఉన్నా గుణిస్తే 73 లోపే వస్తుంది, అది చేతకానితనం కాదు. శాతానికి లక్ష్యం పెట్టే బదులు "ఈ నెలలో అప్రూవల్ ఆగుడు 24 నుంచి 10కి" అని నిమిషాలకి పెట్టండి. ఎవరు ఏం చేయాలో అప్పుడు అందరికీ తెలుస్తుంది.

వారానికి ఇరవై నిమిషాలు

మేము శనివారం పొద్దున షిఫ్టు మొదలవగానే మెషిన్ దగ్గరే కలిసేవాళ్లం. ఆపరేటర్, సెట్టర్, మెయింటెనెన్స్ ఫిట్టర్, క్వాలిటీ నుంచి ఒకరు, నేను. కుర్చీలు ఉండవు. వారం మొత్తం పోయిన నిమిషాలని కారణాల వారీగా కూడి బోర్డు మీద పెద్దదాని నుంచి చిన్నదానికి రాస్తాం. పైనున్న ఒక్కదాన్నే తీసుకుంటాం. ముందు మాట్లాడేది ఆపరేటర్. తర్వాతే మిగతావాళ్లు. ఒక పని, ఒక పేరు, ఒక తారీఖు రాసి అక్కడితో ఆపేస్తాం. పోయిన వారం రాసుకున్న పని అయ్యిందా లేదా అన్నదాంతోనే తర్వాతి వారం మొదలవుతుంది. అందులో నా పేరు పక్కనే పనులు ఎక్కువగా ఉండేవి, ఎందుకంటే గేజులు కొనడం, ఆఫీసుతో మాట్లాడటం, ట్రాలీ చేయించడం ఆపరేటర్ చేతిలో లేని పనులు. మేనేజర్ పేరు పక్కన ఒక్క పని కూడా లేకుండా నాలుగు వారాలు గడిచాయంటే ఆ మీటింగ్ దారి తప్పిందని అనుమానించండి.

ఒక పని అయ్యాక ఆ నష్టం నిజంగా తగ్గిందో లేదో కనీసం రెండు వారాల షీట్లు చూడండి. ఒక్కరోజు అంకె పెరిగిందని పండగ చేసుకోకండి, ఒక్కరోజు తగ్గిందని ఎవరినీ పిలిచి అడగకండి. రోజుకీ రోజుకీ జాబులే మారతాయి, అంకె ఊగుతూనే ఉంటుంది.

ఆ లేత్ మీద నెల తిరిగేసరికి షిఫ్టుకి 270 పీసులు దాటడం మామూలైంది. రెండో నెలలో ఒక సోమవారం పొద్దున లైను వెంట నడుస్తుంటే బోర్ గ్రైండింగ్ ముందు ట్రేలు నడుము ఎత్తుకి పేరుకుని కనబడ్డాయి. లేత్ ఆపరేటర్ నా కంటే ముందే చూసినట్టున్నాడు. "అన్నా, ఇగ నా బోర్డు అటు పెట్టాలె కదా" అన్నాడు. ఇద్దరం కలిసి క్లిప్‌బోర్డు తీసి గ్రైండింగ్ మెషిన్‌కి వేలాడదీశాం. ఆ మెషిన్ నడిపే ఆవిడకి ఏడు గడుల గురించి అతనే కూర్చుని చెప్పాడు. గ్రైండింగ్‌లో వీల్ డ్రెస్సింగ్ (గ్రైండింగ్ రాయిని చెక్కి పదును చేయడం) సమయం ఎక్కువ కాబట్టి దానికి వేరే గడి కావాలని ఆవిడ అడిగారు. "టూల్" గడిని రెండుగా చీల్చి, పెన్సిల్‌తో అక్కడే రాసుకున్నాం.